పేరు చెప్పందే తెరుచుకోని కంప్యూటరు

విండోస్ 11 ఉన్న కొత్త లాప్‌టాప్‌ని మొదటిసారి ఆన్ చేస్తే ముందు దేశం అడుగుతుంది, తర్వాత కీబోర్డు, తర్వాత వైఫై. వైఫై దగ్గర ‘ఇప్పుడొద్దు’ అనే బటన్ వెతికినా కనపడదు. నెట్ కలిపితే కాసేపు అప్‌డేట్లు దించుకుని మైక్రోసాఫ్ట్ అకౌంటు ఈమెయిల్ ఇవ్వమంటుంది. లేదంటే అక్కడికక్కడే కొత్తది తెరవమని, పుట్టినతేదీతో సహా వివరాలడుగుతుంది. హోమ్ ఎడిషన్‌లో ఈ రెండూ తప్ప మరో దారి చూపించదు. డబ్బు కట్టి బిల్లు తీసుకుని ఇంటికి తెచ్చుకున్న వస్తువే అయినా, అమెరికాలోని ఒక కంపెనీ దగ్గర పేరు రాయించుకుంటే గానీ డెస్క్‌టాప్ మొహం చూడలేం.

ఇది రాత్రికి రాత్రి వచ్చిపడలేదు. 1999లోనే మైక్రోసాఫ్ట్ ‘పాస్‌పోర్ట్’ పేరుతో ఒకే లాగిన్ పథకం తెచ్చింది. విండోస్ ఎక్స్‌పీ వాడినవాళ్లకు గుర్తుండాలి, కింద గడియారం పక్కన ఒక బుడగ లేచి పాస్‌పోర్ట్ తీసుకోమని సతాయించేది. 2001లో ‘హెయిల్‌స్టార్మ్’ అని ఇంకో పెద్ద ఆలోచన ప్రకటించారు: మన క్యాలెండరు, చిరునామాలు, డబ్బు వివరాలు అన్నీ కంపెనీ సర్వర్లలో ఉంటాయి, మిగతా వ్యాపారులు అక్కడి నుంచి వాడుకుంటారు. తమ ఖాతాదార్లను తెచ్చి మైక్రోసాఫ్ట్ చేతిలో పెట్టడానికి ఆ మిగతా వ్యాపారులే ఇష్టపడలేదు, అది మూలపడింది. 2002 ఆగస్టులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పాస్‌పోర్ట్ భద్రత గురించి కంపెనీ చెప్పుకున్న మాటల్లో నిజం లేదని ఆరోపించి, 20 ఏళ్లు అమల్లో ఉండే ఒప్పందం మీద సంతకం పెట్టించింది. అంటే ఇప్పుడు మనం చూస్తున్నది ఒకసారి ఓడిపోయి, ఓపిగ్గా తిరిగొచ్చిన ఆలోచన.

తిరిగొచ్చిన తీరు చూడండి. 2012లో విండోస్ 8 సెటప్‌లో అకౌంటు అడగడం మొదలైంది, వద్దనే దారి కూడా తెరమీదే ఉంది. 2015లో విండోస్ 10 వచ్చాక ఆ దారి చిన్న అక్షరాలతో మూలకు జరిగింది. 2019 ప్రాంతానికి నెట్ కలిసి ఉంటే హోమ్ ఎడిషన్‌లో అది అసలు కనపడటమే మానేసింది; కేబులు పీకేస్తేనో వైఫై ఆపేస్తేనో మళ్లీ ప్రత్యక్షమయ్యేది. 2021 అక్టోబరులో విండోస్ 11 హోమ్‌కి నెట్టూ అకౌంటూ రెండూ తప్పనిసరి అని అధికారిక అవసరాల జాబితాలోనే రాసేశారు. 2022లో వచ్చిన 22హెచ్2 వెర్షన్‌తో సొంతానికి వాడుకునే ప్రో ఎడిషన్‌కీ అదే వర్తించింది. ఏ మెట్టుకామెట్టు చిన్నదే. ఎవరూ రోడ్డెక్కి గొడవ చేసేంత పెద్దది ఒక్కటీ లేదు.

ఆ తర్వాత కొన్నేళ్లు దొంగా పోలీసు ఆట నడిచింది. సెటప్ మధ్యలో షిఫ్టు, ఎఫ్10 కలిపి నొక్కితే ఒక నల్ల తెర తెరుచుకుంటుంది. అందులో ‘బైపాస్ ఎన్ఆర్ఓ’ అనే ఆదేశం కొడితే కంప్యూటర్ రీస్టార్ట్ అయి, అప్పటిదాకా లేని ‘నాకు ఇంటర్నెట్ లేదు’ అన్న మాట తెరమీద కనపడేది. దాన్ని నొక్కితే ‘పరిమిత సెటప్‌తో కొనసాగండి’ అనేది. ముప్ఫై ఏళ్లుగా కంప్యూటర్ అంటే జనానికి తెలిసిన మామూలు సెటప్పేదో, దానికే ‘పరిమితం’ అని పేరు పెట్టడంలో ఉన్న గడుసుతనాన్ని మెచ్చుకోవాలి. 2024 మధ్య వరకూ ఇంకో కిటుకు ఉండేది. ఎప్పుడో లాక్ అయిపోయిన ఏదో ఒక ఈమెయిలూ, నోటికొచ్చిన పాస్‌వర్డూ కొడితే యంత్రం తికమకపడి లోకల్ అకౌంట్, అంటే ఆ కంప్యూటర్‌లోనే ఉండే అకౌంటు, తెరిచే తెర చూపించేది. అది మూసేశారు. 2025 మార్చిలో బైపాస్ ఎన్ఆర్ఓ ఫైలును పరీక్ష వెర్షన్ల నుంచి తీసేశారు, భద్రత కోసం, వాడేవాళ్ల సౌకర్యం కోసం అన్నారు. జనం వెంటనే మరో ఆదేశం కనిపెట్టారు. అదే ఏడాది అక్టోబరులో పరీక్ష వెర్షన్‌లో దాన్నీ కట్టేశారు. ఈ కిటుకులతో ముఖ్యమైన సెటప్ తెరలు తప్పిపోయి, పూర్తిగా సిద్ధం కాని యంత్రంతో బయటపడే ప్రమాదం ఉందన్నది ఈసారి చెప్పిన కారణం. ఆ తప్పిపోయే తెరల్లో అమ్మకాలవి కూడా ఉన్న సంగతి చెప్పలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. అకౌంటు లేకుండా విండోస్ నడవదా అంటే, శుభ్రంగా నడుస్తుంది. ప్రో ఎడిషన్‌లో ‘ఆఫీసు కోసం’ అని ఎంచుకుని ఆఫీసు నెట్‌వర్కులో (డొమైన్‌లో) చేరతానంటే లోకల్ అకౌంట్ ఇచ్చేస్తుంది. వందల యంత్రాలు కొనే కంపెనీలకు తమ పద్ధతిలో సెటప్ చేసుకునే సాధనాలున్నాయి. ఐటీ తెలిసిన కుర్రాళ్లు రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్ తయారు చేసుకునేటప్పుడు ‘ఆన్‌లైన్ అకౌంటు నిబంధన తీసెయ్’ అన్న గడి టిక్ చేసుకుంటారు. అంతెందుకు, అకౌంటుతో లోపలికి వెళ్లిన తర్వాత సెట్టింగ్స్‌లో లోకల్ అకౌంట్‌కి మారే వీలు కంపెనీయే ఇచ్చింది, అది నేటికీ పనిచేస్తుంది. కాబట్టి ఇది సాంకేతిక అవసరం కాదు. కంపెనీలకు రాజమార్గం ఉంది, తెలిసినవాడికి దొడ్డిదారి ఉంది. రెండూ లేని మామూలు ఇంటివాడి కోసమే ఈ గేటు. ఈ ప్రశ్న మీద చర్చ జరిగినప్పుడల్లా ‘ఆ, దానికో ఆదేశం ఉందిలే’ అని తేల్చేసేవాళ్లతో నాకున్న పేచీ ఇదే. ఆదేశం తెలిసినవాడికి ఈ నిబంధన ఎప్పుడూ తగల్లేదు.

కంపెనీ వాదనలో పస లేదనలేం. వాటిలో గట్టిది డిస్క్ ఎన్‌క్రిప్షన్. లాప్‌టాప్ దొంగ చేతిలో పడితే అందులోని బ్యాంకు కాగితాలు, ఆధార్ కాపీలు వాడికి కనపడకూడదు. అందుకు డిస్కు మొత్తం తాళం వేసి ఉండాలి. ఆ తాళం చెవి పోతే అసలు యజమాని కూడా బయటే మిగులుతాడు. అందుకని చెవి నకలొకటి యజమాని అకౌంటులో దాచిపెడితే మేలు. 2024లో వచ్చిన 24హెచ్2 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన హోమ్ యంత్రాల్లో కూడా అకౌంటుతో లాగిన్ కాగానే చాలావరకు ఇది దానంతటదే జరిగిపోతోంది. పాస్‌వర్డ్ మర్చిపోయినవాడికి ఫోన్‌కి కోడ్ వస్తుంది, పోయిన యంత్రం ఎక్కడుందో మ్యాపులో వెతకొచ్చు, కొత్తది కొంటే పాత సెట్టింగ్స్ వచ్చి కూర్చుంటాయి. ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల లాప్‌టాప్‌ని అమెరికా నుంచి చూసుకునే పిల్లలకు ఇవన్నీ నిజంగా పనికొచ్చేవే.

చిక్కు ఎక్కడంటే, ఈ ఏర్పాటు మొత్తం ‘యజమానికి తన అకౌంటు ఏదో తెలుసు’ అన్న ఊహ మీద నిలబడింది. మన ఊళ్లలో లాప్‌టాప్ కొన్నప్పుడు జరిగేది వేరు. షాపులో కుర్రాడే సెటప్ చేసి ఇస్తాడు. ‘సార్, మెయిల్ ఐడీ చెప్పండి’ అంటే కొన్నాయనకు ఫోన్‌లో ఉన్న జీమెయిల్ పాస్‌వర్డ్ గుర్తుండదు. దాంతో కుర్రాడు అక్కడికక్కడే ఒక అకౌంటు తెరుస్తాడు, పాస్‌వర్డ్ పెట్టెమీద పెన్నుతో రాస్తాడు. ఒక్కోసారి తొందరలో తన అకౌంటుతోనే కానిచ్చేస్తాడు. ఆ తర్వాత రోజూ నాలుగంకెల పిన్ కొట్టి లోపలికి వెళ్లడమే, అకౌంటన్నది ఒకటుందని కూడా ఎవరికీ జ్ఞాపకం రాదు. ఎప్పుడో ఒక అప్‌డేటు బెడిసికొడుతుంది, లేదా మదర్‌బోర్డు మారుస్తారు. పొద్దున్నే తెర నీలంగా మారి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. అదెక్కడుందంటే ‘మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో’ అంటుంది. పెట్టె ఎప్పుడో పాత సామాన్లవాడికి పోయింది. షాపు కుర్రాడు ఉద్యోగం మారాడు. అకౌంటుకి ఇచ్చిన ఫోన్ నంబరు రీచార్జి లేక ఆగిపోయి ఉంటే సంగతి ఇంకా కష్టం. మన దేశంలో ఆగిపోయిన నంబరును 90 రోజుల గడువు తర్వాత మరొకరికి కేటాయించవచ్చు. కోడ్ ఆ మరొకరి ఫోన్‌కి పోతుంది.

దొంగ నుంచి కాపాడాల్సిన తాళం యజమానినే బయట నిలబెట్టడం అరుదైన సంగతేమీ కాదు. 2024 జులైలో ఒక విండోస్ అప్‌డేటు తర్వాత కొన్ని యంత్రాలు కారణం లేకుండా ఈ నీలితెర మీదకు వెళ్లి ఆగాయి. అదే నెల క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ లోపంతో 85 లక్షల యంత్రాలు కుప్పకూలినప్పుడు, వాటిని లేపడానికి ఐటీ విభాగాలు ఈ అంకెల కోసమే పరుగులు పెట్టాయి. పెద్ద కంపెనీలకే ఆ గతి పడితే ఇంట్లో ఒక్క లాప్‌టాప్ ఉన్నవాడి సంగతి చెప్పేదేముంది?

తాళంచెవి నకలు ఇంకొకరి దగ్గరుంటే దాన్ని అడిగేవాళ్లూ ఉంటారు. అమెరికా ఏలుబడిలోని గువామ్‌లో కోవిడ్ నిరుద్యోగ భృతి మోసం కేసులో ఎఫ్‌బీఐ కోర్టు వారంటుతో అడిగితే, లాప్‌టాప్‌లు తెరవడానికి బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ తాళం) రికవరీ కీలను మైక్రోసాఫ్ట్ ఇచ్చిందని 2026 జనవరిలో ఫోర్బ్స్ పత్రిక బయటపెట్టింది. అలాంటి అభ్యర్థనలు ఏటా 20 దాకా వస్తాయని కంపెనీయే చెప్పింది. చట్టప్రకారం వారంటుంటే ఇవ్వక తప్పదు, అందులో కంపెనీని తప్పుపట్టను. అసలు ఇవ్వడానికి వీల్లేని విధంగా, చెవి యజమాని దగ్గర తప్ప మరెక్కడా చదవడానికి రాకుండా దాచే పద్ధతులు ఉండగా, కంపెనీ చదవగలిగేలా దాచడం దేనికన్నదే ప్రశ్న.

అకౌంటుతో పాటు లోపలికి వచ్చే చుట్టాలు ఇంకొందరున్నారు. డాక్యుమెంట్లు, ఫొటోలు, డెస్క్‌టాప్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌లోకి వెళ్లిపోతాయి. 2024 నుంచి కొత్త సెటప్‌లలో ఇది అడక్కుండానే మొదలవుతోంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. పెళ్లి ఫొటోలు ఒక్క ఫోల్డరు చాలు అది నిండటానికి. నిండాక ‘స్థలం అయిపోయింది, కొనుక్కోండి’ అన్న హెచ్చరికలు మొదలవుతాయి. ఇక చిన్నదే గానీ నన్ను బాగా చికాకు పెట్టేది ఒకటుంది. అకౌంటుతో సెటప్ చేస్తే సీ డ్రైవులో మన పేరిట తయారయ్యే ఫోల్డరుకి ఈమెయిల్‌లోని మొదటి ఐదు ఇంగ్లీషు అక్షరాలే పెడుతుంది. వెంకటేశ్వర్లు, వెంకటరమణ, వెంకటలక్ష్మి ముగ్గురూ ‘వెంక’ దగ్గరే ఆగిపోతారు. తర్వాత ఆ పేరు మార్చడం తేలిక్కాదు. విచిత్రమేమిటంటే, దొడ్డిదారి మూసిన 2025 అక్టోబరు పరీక్ష వెర్షన్‌లోనే ఈ ఫోల్డరు పేరును సెటప్‌లో మనమే పెట్టుకునే వీలు ఇచ్చారు. దానికీ నల్ల తెర తెరిచి ఒక ఆదేశం కొట్టాలి.

ఇంత పట్టుదల దేనికంటే జవాబు లెక్కల పుస్తకంలో ఉంది. విండోస్ లైసెన్సు లాప్‌టాప్‌తో పాటు ఒకసారి అమ్ముడుపోతే అయిపోయింది. మైక్రోసాఫ్ట్ 365, వన్‌డ్రైవ్ స్థలం, గేమ్ పాస్, కోపైలట్ నెలనెలా అద్దె తెచ్చేవి. అద్దె వసూలు చేయాలంటే ముందు అద్దెదారు పేరు తెలియాలి. పేరు తెలియని లోకల్ అకౌంట్‌వాడికి స్టార్ట్ మెనూలో సిఫార్సులు చూపించినా నెలవారీ చందా కట్టించడం కష్టం. మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో పగ్గాలు అందుకున్నాక కంపెనీ బరువంతా క్లౌడు మీదకీ చందాల మీదకీ ఒరిగింది. అయితే అకౌంటు అడగడం ఆయన రాకకు ముందే మొదలైందన్నది కూడా రాయాలి.

పాత యంత్రాలవాళ్లనూ వదల్లేదు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇంకో ఏడాది కావాలంటే 30 డాలర్లు కట్టాలి, లేదా వెయ్యి రివార్డు పాయింట్లు ఇవ్వాలి, లేదా సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేయాలి. ఏ దారిన వచ్చినా మైక్రోసాఫ్ట్ అకౌంటు ఉండాల్సిందే, డబ్బు కట్టేవాడికైనా సరే. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు పట్టుబడితే అక్కడివాళ్లకు బ్యాకప్ షరతు తీసేసి ఉచితం చేశారు, కానీ కనీసం 60 రోజులకొకసారి అకౌంటుతో లాగిన్ కావాలన్నారు. ధర వదులుకున్నారు గానీ పేరు వదులుకోలేదు. వాళ్లకు ఏది విలువైనదో ఇంతకంటే సూటిగా చెప్పే ఆధారం నాకు కనపడలేదు.

ఆపిల్, గూగుల్ ఏమంత భిన్నం అని అడగొచ్చు. మ్యాక్ సెటప్‌లో ఆపిల్ అకౌంటును ‘తర్వాత’ అని దాటేయొచ్చు, వెబ్‌సైట్ల నుంచి సాఫ్ట్‌వేర్ దించుకుని బతికేయొచ్చు. ఈ విషయంలో మ్యాక్ నయం. ఐఫోన్‌లో కూడా దాటేయొచ్చు గానీ యాప్ స్టోర్ నుంచి ఏమీ దించుకోలేం, ఫోన్‌తో పాటు వచ్చిన యాప్‌లతోనే సరిపెట్టుకోవాలి. ఆండ్రాయిడ్‌లో గూగుల్ అకౌంటు లేకుండా, స్టోర్ బయట దొరికే ఏపీకే యాప్ ఫైళ్లతో నెట్టుకొచ్చే వీలు మొదటి నుంచీ ఉంది. ఇప్పుడు గూగుల్ వేరేవైపు నుంచి వస్తోంది: 2026 సెప్టెంబరు నుంచి బ్రెజిల్, ఇండోనేసియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో, ఆ తర్వాత మిగతా దేశాల్లో, తన దగ్గర గుర్తింపు నిరూపించుకున్న డెవలపర్ల యాప్‌లనే మామూలుగా ఇన్‌స్టాల్ కానిస్తానని 2025 ఆగస్టులో ప్రకటించింది. గొడవ రేగితే, అనుభవమున్నవాళ్లకు వేరే దారి పెడతామని నవంబరులో కొంత తగ్గింది. మళ్లీ అదే, తెలిసినవాడికి దారి. క్రోమ్‌బుక్ పుట్టుకే గూగుల్ అకౌంటు కోసం. లినక్స్‌లో ఈ బాధ లేదు. ఉబుంటు అడిగేది మనం పెట్టుకునే పేరూ పాస్‌వర్డూ మాత్రమే. కేరళ బడుల్లో కంప్యూటర్లు ఏళ్లుగా లినక్స్ మీద నడుస్తున్నాయి. తెలుగులో లినక్స్ తేవడానికి హైదరాబాదు స్వేచ్ఛ సంస్థ చాలా శ్రమపడింది. కానీ ట్యాలీ, ఆఫీసు ఫైళ్లు, కాలేజీ ల్యాబు సాఫ్ట్‌వేర్ అని విండోస్‌కి కట్టుబడినవాడికి ‘లినక్స్‌కి మారిపో’ అనడం సలహా అనిపించుకోదు.

పైగా అకౌంటు మన చేతిలో లేనిది, కంపెనీ మూసేస్తే మూతపడేది. అమెరికాలో ఒక తండ్రి కొడుకు ఒంటిమీది ఇన్ఫెక్షన్ ఫొటో తీసి డాక్టరుకు పంపితే గూగుల్ యంత్రాలు దాన్ని పిల్లలపై నేరంగా పట్టాయి. పోలీసులు తప్పేమీ లేదని తేల్చినా అకౌంటు తిరిగి ఇవ్వలేదని 2022లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఏళ్ల తరబడి మెయిళ్లు, ఫొటోలు, ఫోన్ నంబరుతో సహా పోయాయి. మన దేశంలో 2025 జులైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టగానే, గుజరాత్‌లో వాడినార్ రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు నిలిపేసింది. భారతీయ చట్టం దగ్గర ఆ కంపెనీ చేసిన నేరం లేదు, డబ్బు కట్టి కొన్న సేవలు. ఢిల్లీ హైకోర్టు గడప తొక్కాక నెలాఖరుకి పునరుద్ధరించారు. అది ఆఫీసు మెయిళ్ల సంగతే, విండోస్ లాగిన్ సంగతి కాదు. కానీ ఆన్‌లైన్ అకౌంటు మీటను ఎవరు, ఏ దేశపు చట్టం చూసి నొక్కుతారో అది చూపించింది. రిఫైనరీకి లాయర్లున్నారు. వీధి చివర డీటీపీ షాపతనికి ఎవరున్నారు?

గట్టిగా అడిగితే కంపెనీలు వెనక్కి తగ్గిన సందర్భాలూ ఉన్నాయి. 2013లో ఎక్స్‌బాక్స్ వన్ గేమ్ యంత్రం రోజుకొకసారి నెట్‌కి తగిలి రావాలని ప్రకటించి, కొనేవాళ్ల గగ్గోలుకు ఆ జూన్‌లోనే మైక్రోసాఫ్ట్ దాన్ని రద్దు చేసుకుంది. 2020లో ఆక్యులస్ వీఆర్ కళ్లద్దాలకు ఫేస్‌బుక్ అకౌంటు తప్పనిసరి అంటే జర్మనీ పోటీ నియంత్రణ సంస్థ విచారణ మొదలుపెట్టింది. 2022లో ఆ నిబంధన పోయి వేరే అకౌంటు వచ్చింది. అకౌంటనేది మాత్రం మిగిలింది.

ఇన్నాళ్లూ కంపెనీలు తోస్తే చట్టం అడ్డుకుంటుందన్న ఆశ ఉండేది. ఇప్పుడు చట్టం కూడా అటే తోస్తోంది. 2025 అక్టోబరులో సంతకమైన కాలిఫోర్నియా చట్టం 2027 జనవరి 1 నుంచి అమల్లోకి వస్తుంది. దాని ప్రకారం ఆపరేటింగ్ సిస్టమ్ అకౌంటు తెరిచేటప్పుడే వయసు అడగాలి. 13 లోపు, 13-16, 16-18, ఆపైన అని విభజించి యాప్‌లు అడిగితే ఆ సమాచారం ఇవ్వాలి. పిల్లల రక్షణే ఉద్దేశం, కాదనను. అయితే అకౌంటు అడగని ఆపరేటింగ్ సిస్టమ్‌కి చోటెక్కడ అన్నది ఆ చట్టం రాసినవాళ్లు ఎంత ఆలోచించారో తెలియదు గానీ, స్వచ్ఛందంగా లినక్స్ తయారుచేసే చిన్న బృందాలు మాత్రం ఇప్పుడు తలలు పట్టుకుని ఆలోచిస్తున్నాయి.

మన దగ్గర 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని 6వ సెక్షన్ సమ్మతి స్వేచ్ఛగా, షరతుల్లేకుండా ఉండాలంటుంది. పేర్కొన్న పనికి అవసరమైన డేటాకే ఆ సమ్మతి పరిమితం అంటుంది. చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు: వైద్యసలహా యాప్ ఫోన్‌లోని కాంటాక్టుల జాబితా కూడా అడిగి, వాడేవాడు సరే అన్నా, ఆ పనికి జాబితా అవసరం లేదు కాబట్టి ఆ సమ్మతి చెల్లదు. లాప్‌టాప్ తెరవడానికి ఈమెయిలూ పుట్టినతేదీ అవసరమా అన్న ప్రశ్న దీనికెంత దగ్గరో చూడండి. 2024 నవంబరులో కాంపిటీషన్ కమిషన్, వాట్సాప్ 2021 నాటి ‘ఒప్పుకుంటేనే వాడు’ విధానానికి మెటా మీద 213.14 కోట్ల జరిమానా వేసింది, మరుసటి ఏడాది అప్పీలు ట్రిబ్యునల్ ఆ జరిమానాను నిలబెట్టింది. ఆపరేటింగ్ సిస్టమ్ మీద అలాంటి ప్రశ్న వేయడానికి ఆధారం లేకపోలేదు. డేటా చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన నిబంధనలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమలవుతాయి. అప్పుడు అడగాల్సింది పెద్దదేం కాదు: సెటప్ తెరమీద, మిగతా బటన్లంత సైజులో ‘అకౌంటు లేకుండా కొనసాగించు’ అని ఒకటి. ప్రో ఎడిషన్‌లో ఆఫీసులవాళ్లకు ఇస్తున్నదే ఇంటివాళ్లకూ ఇవ్వమనడం.

ఈలోగా కొత్త లాప్‌టాప్ కొనేవాళ్లు షాపులో సెటప్ చేయించుకోకుండా సీల్ తీయని యంత్రం అడగండి. అకౌంటు తప్పకపోతే అది మీ సొంతదై ఉండాలి, ఇచ్చే ఫోన్ నంబరు మీరు రోజూ వాడేదై ఉండాలి. లోపలికి వెళ్లాక కావాలంటే సెట్టింగ్స్‌లో లోకల్ అకౌంట్‌కి మారండి. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి. ముఖ్యంగా ఆ 48 అంకెలను ప్రింటు తీసి ఇంటి దస్తావేజులతో పాటు పెట్టుకోండి. చాలామంది చేసేట్టు ఫొటో తీసి ఆ లాప్‌టాప్‌లోనే దాచుకుంటే ప్రయోజనం లేదు.